ఆరుగురికా, తొమ్మిదిమందికా? డయాలసిస్ మిషన్ ముందు మన న్యాయం

కిడ్నీలు చెడినవాళ్ల రక్తాన్ని శుద్ధి చేసే డయాలసిస్ మిషన్ మీద ఒక మనిషికి ఒక విడత సుమారు 4 గంటలు పడుతుంది. ఆ తర్వాత మిషన్ శుభ్రం చేసి, గొట్టాలు మార్చి, ఇంకొకరిని ఎక్కించడానికి మరి కాసేపు. పొద్దున్నే మొదలుపెడితే రాత్రికి 3 షిఫ్టులు అవుతాయి. ఆదివారం వదిలేస్తే వారానికి 18 విడతలు. డాక్టర్లు మామూలుగా చెప్పేట్టు ఒక్కొక్కరికి వారానికి 3 సార్లు చేస్తే ఆ మిషన్ ఆరుగురికి సరిపోతుంది. 2 సార్లతో సరిపెడితే తొమ్మిదిమందికి వస్తుంది. 10 మిషన్లున్న సెంటర్లో అది 60 మందికీ 90 మందికీ ఉన్న తేడా.

అరవైమందికి సక్రమంగా చేసి మిగిలిన ముప్పైమందిని బయట నిలబెట్టాలా? తొంభైమందికీ తలా కొంత తగ్గించి చెయ్యాలా? ఏ దారి పట్టినా ఎవరో ఒకరు నష్టపోతారు. మన దేశంలో చాలా చోట్ల వారానికి 2 సార్లే నడుస్తోంది. ఇది జనాన్ని అడిగి, లాభనష్టాలు చర్చించి తీసుకున్న నిర్ణయం కాదు. మిషన్ల కొరత, ఖర్చు, దూరం కలిసి అలా స్థిరపడిపోయింది. వైద్యం పంపకం గురించి మన దగ్గర జరగాల్సిన చర్చ ఇక్కడే మొదలవ్వాలని నా అభిప్రాయం. ఉన్న వైద్యాన్ని రోగుల మధ్య పంచడం అనేది ఎప్పుడో రాబోయే ప్రమాదం కాదు. ఇప్పుడే, ఏ రాతకోతలూ లేకుండా జరుగుతోంది.

పాత ప్రకాశం జిల్లా పడమటి పక్క ఊళ్లలో ఈ మాట అర్థం కాని ఇల్లు తక్కువ. కనిగిరి, పామూరు, పీసీ పల్లి వైపు ఎవరిని కదిలించినా చుట్టాల్లో ఒకరికి ‘క్రియాటినిన్ పెరిగింది’ (కిడ్నీ దెబ్బతిందని రక్తపరీక్ష చెప్పే గుర్తు) అన్న మాట వినపడుతుంది. ఈ నేల నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి కొత్తదేమీ కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఊళ్లలోనే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లా కిందే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా (ఇదే తర్వాత ప్రకాశం) ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. ఫ్లోరైడ్ పళ్లనీ ఎముకల్నీ పాడుచేస్తుందన్నది తేలిన విషయం. కిడ్నీ జబ్బులకు మాత్రం నీళ్లు, ఎండలో చాకిరీ, నొప్పి బిళ్లలు, బీపీ, షుగరు అన్నీ అనుమానితులే. ఏది ఎంత అన్నది ఇంకా తేలాల్సి ఉంది. ఇంకో చిక్కు చూడండి. ఒక్క విడత డయాలసిస్‌కు సుమారు 120 లీటర్ల బాగా శుద్ధి చేసిన నీళ్లు కావాలి. తాగే నీళ్లకే ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లున్న చోట ఆ నీళ్లు కూడా పంపకంలో భాగమే. ఆర్వో ప్లాంటు ఆగితే మిషన్లన్నీ ఆగినట్టే.

ఒక సెంటర్ బయట, తోడు వచ్చినవాళ్లు కూర్చునే రేకుల షెడ్డులో, ఈ ఆరు–తొమ్మిది లెక్క చెప్పి అభిప్రాయం అడిగాను. ఒక పెద్దావిడ వెంటనే అందుకుంది. ఆమె కొడుక్కి ఒంగోలులో చేయిస్తున్నారు, దగ్గర్లో స్లాట్ దొరుకుతుందేమోనని కనుక్కోవడానికి వచ్చింది. “అందరికీ తలా కాస్త చెయ్యండయ్యా. బయట నిలబడినోళ్లు మాత్రం మనుషులు కారా?” అంది. పక్కనున్న కుర్రాడు తలడ్డంగా ఊపాడు. “రెండుసార్లయితే మా నాయన సోమవారానికి ఉబ్బిపోతాడు పెద్దమ్మా. పడుకుంటే ఊపిరాడదు. రాత్రంతా గోడకి ఆనుకొని కూర్చుంటాడు.” ఆమె కాసేపాగి, “మీ నాయనకి మూడు చేస్తే నా కొడుక్కి ఎట్టా దొరకుద్ది అబ్బయ్యా?” అంది. కోపంగా అనలేదు. అతనూ జవాబు చెప్పలేదు, చేతిలో ఉన్న సంచి సర్దుకున్నాడు. అప్పుడు ఇంకొకాయన, “ముందొచ్చినోళ్లకి ముందు. ఇంకేం చేస్తాం” అన్నాడు. ఆ మాటకు షెడ్డులో అందరూ ఊఁ కొట్టారు.

ఈ మూడు మాటల్లో మూడు వేర్వేరు న్యాయాలున్నాయి. పెద్దావిడది సమానత్వం. కుర్రాడిది, చేస్తే ఫలితం ఉండేట్టు చెయ్యాలన్న వాదన. విరామం ఎక్కువైన కొద్దీ ఒంట్లో నీరూ పొటాషియమూ పేరుకుని గుండె ఆగే ప్రమాదం పెరుగుతుందని వైద్య పరిశోధనలు కూడా చెబుతున్నాయి కాబట్టి అతని భయం ఊహ కాదు. మూడో ఆయనది వరుస.

ఇలాంటి ప్రశ్నే అమెరికాలో పీటర్ యూబెల్ అనే డాక్టర్ బృందం పద్ధతి ప్రకారం అడిగింది. 1996లో అచ్చయిన ఆ అధ్యయనంలో పెట్టిన ఊహా పరిస్థితి ఇది. పెద్దపేగు క్యాన్సర్‌ను పసిగట్టే పరీక్షలు రెండున్నాయి. ఉన్న డబ్బుతో చవక పరీక్ష అందరికీ చేస్తే 1,000 ప్రాణాలు దక్కుతాయి. ఖరీదైన పరీక్ష అయితే సగంమందికే చేయగలం, కానీ 1,100 ప్రాణాలు దక్కుతాయి. లెక్క చూస్తే రెండోదే మేలు. అయినా జ్యూరీ పనికి పిలిచిన మామూలు జనంలో 56 శాతం మొదటిదాన్నే ఎంచుకున్నారు. వైద్య నీతి నిపుణుల్లో 53 శాతం, వైద్య నిర్ణయాల లెక్కలు కట్టే నిపుణుల్లో 41 శాతం కూడా అటే మొగ్గారు. 100 ప్రాణాలు తగ్గినా సరే, సగంమందిని బయట నిలబెట్టడం వాళ్లకు ఒప్పలేదు. జనానికి లెక్కలు రాక ఇలా అంటారని కొందరు తేలిగ్గా తీసేస్తారు. నేను ఒప్పుకోను. ఎన్ని ప్రాణాలు దక్కాయన్నదొక్కటే కాదు, వైద్యం అందరికీ దక్కిందా లేదా అన్నది కూడా వాళ్ల లెక్కలో ఉంది.

లెక్క ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం చూపించింది. పేదల వైద్య పథకంలో ఇంకా ఎక్కువమందిని చేర్చుకోవాలంటే ఏ చికిత్సలకు డబ్బివ్వాలో తేల్చాలని అక్కడి ప్రభుత్వం సుమారు 1,600 జబ్బు–చికిత్స జతలను ఖర్చు–ప్రయోజనం ప్రకారం వరుసలో పెట్టింది. 1990లో వచ్చిన ఆ మొదటి జాబితాలో పంటికి తొడుగు వెయ్యడం అపెండిసైటిస్ ఆపరేషన్ కంటే పైన నిలిచింది. తొడుగు చవక, ఎక్కువమందికి పనికొస్తుంది. అపెండిక్స్ పగిలినవాడికి మాత్రం ఆపరేషన్ లేకపోతే ప్రాణం మీదికొస్తుంది. జనం మండిపడ్డారు, జాబితా తిరగరాశారు. కళ్లెదుట ప్రాణం పోతున్నవాడిని ఎంత ఖర్చయినా కాపాడాలన్న ఈ తపనకు ఆల్బర్ట్ జాన్సెన్ అనే నీతి శాస్త్రవేత్త 1986లో ‘కాపాడే సూత్రం’ అన్న అర్థంలో ఒక పేరు పెట్టాడు. మనుషులుగా మనకు ఉండాల్సిన గుణమే అది. కానీ అది ముఖం కనపడినవాడికే పనిచేస్తుంది. వాట్సాప్‌లో ఫొటో తిరిగిన పసిపిల్ల ఆపరేషన్‌కు రెండు రోజుల్లో లక్షలు పోగవుతాయి. ఊరి పీహెచ్‌సీలో బీపీ బిళ్లలు నెలంతా ఉంటే కిడ్నీలు పాడవకుండా మిగిలే మనుషులకు ఫొటో ఉండదు. వాళ్లెవరో వాళ్లకే తెలియదు.

ఆరోగ్యశ్రీని ఈ కోణంలో చూడండి. 2007లో మొదలై, ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఆ పథకం లక్షల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమే అనుకునే రోజుల నుంచి వచ్చినవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. అయితే జబ్బుల జాబితా ఉన్న ఏ పథకమైనా పంపకమే. జాబితాలో ఉన్న జబ్బుకు వైద్యం ఉంది, లేనిదానికి ఎమ్మెల్యే దగ్గరికెళ్లి సీఎం రిలీఫ్ ఫండ్‌కు లెటర్ రాయించుకోవాలి. జాబితా అయితే అందరికీ ఒకటే. లెటర్ దగ్గరికొచ్చేసరికి ఎవరు ఎవరికి తెలుసు అన్నది మొదలవుతుంది. మనకు బాగా అలవాటైపోయిన పంపకం పద్ధతి ఇదే, సిఫార్సు. తిట్టుకుంటూనే వాడుకుంటాం. మనవాడికి బెడ్ దొరికితే పలుకుబడి అంటాం, ఎదుటివాడికి దొరికితే అన్యాయం అంటాం.

అందుకే ‘ముందొచ్చినవాళ్లకు ముందు’ అన్న మాట అందరికీ అంత హాయిగా అనిపిస్తుంది. అందులో పెద్దా చిన్నా లేదు, కులం లేదు, పార్టీ లేదు. సిఫార్సుతో పోల్చుకుంటే వరుస ఎంతో మేలు, సందేహం లేదు. కానీ ముందు రాగలిగేది ఎవరు? కనిగిరి నుంచి ఒంగోలుకు సుమారు 80 కిలోమీటర్లు. ఆ దూరం కారులో వచ్చేవాడికి ఒకటి, తెల్లవారుజామున బస్సు పట్టుకునేవాడికి ఇంకొకటి. జబ్బు ముందే తెలిసినవాడు ముందు పేరు రాయించుకుంటాడు. పరీక్ష చేయించే స్తోమత లేక, కాళ్లు వాచి వాంతులయ్యేదాకా ఆగినవాడు ఆఖర్న వస్తాడు, ఎక్కువ జబ్బుతో వస్తాడు. డయాలసిస్‌లో వరుసకు ఇంకో లక్షణం కూడా ఉంది. ఒకసారి స్లాట్ దొరికితే ఆ మనిషి బతికున్నంత కాలమో, కిడ్నీ మార్పిడి అయ్యేదాకానో అది అతనిదే. కొత్తవాడికి స్లాట్ ఖాళీ అయిందంటే దాని వెనక ఎక్కువ సార్లు ఒక చావు ఉంటుంది. అక్కడ వేచి ఉన్న కుటుంబాలకు ఈ సంగతి తెలుసు, పైకి అనుకోరు.

నెల్లూరు జిల్లా 2021 మేలో చూసింది కూడా వరుసే. కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటు వైద్యుడు కొవిడ్‌కని ఇస్తున్న మందు కోసం వేలమంది క్యూ కట్టారు, ప్రభుత్వం కొన్నాళ్లు ఆపించింది. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే చర్చ. నాకు గుర్తుండిపోయింది జనం ఆ క్యూలోకి ఎందుకు వచ్చారన్నది. ఆక్సిజన్ బెడ్ కోసం ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియని మనిషికి, నిలబడితే వంతు వస్తుందన్న చోటు ఒకటి కనపడింది.

అదే ఏడాది ఇంకో పంపకం కూడా జరిగింది, దాన్ని మనం తొందరగా మర్చిపోయాం. టీకాలు చాలని రోజుల్లో దేశం మొత్తం వంతులు పెట్టింది. జనవరిలో వైద్య సిబ్బందికి, మార్చిలో 60 దాటినవాళ్లకు, జబ్బులున్న 45 దాటినవాళ్లకు, ఏప్రిల్‌లో 45 దాటిన అందరికీ. జూన్‌లో మన రాష్ట్రం ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు ముందు వెయ్యాలని నిర్ణయించింది. పిల్లలకు సోకితే పక్కన ఉండాల్సింది తల్లే కాబట్టి ఆమెకు ముందు రక్షణ కావాలన్నది కారణం. పిల్లలు లేని కుర్రవాళ్లు దానికి పెద్దగా అడ్డం తిరగలేదు. నియమం ముందే చెప్పారు, కారణం చెప్పారు, కారణం అందరికీ అర్థమైంది. జనం పంపకాన్ని ఒప్పుకోరన్న మాట నిజం కాదు.

వయసు దగ్గరే మన ఆలోచన బాగా మెలికపడుతుంది. ‘పెద్దాయన చూడాల్సిందంతా చూశాడు, పాతికేళ్లవాడికి ముందు ఇవ్వండి’ అనడం మన ఊళ్లలో క్రూరత్వం కాదు, పెద్దాయనే ఆ మాట అంటాడు. బ్రిటన్ ఆర్థికవేత్త అలన్ విలియమ్స్ 1997లో ఇదే భావాన్ని వాదనగా రాశాడు. ప్రతి మనిషికీ న్యాయమైన ఒక ఆయుష్షు దక్కాలి, అది అందనివాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలి అని. వినడానికి బాగుంటుంది. మన దేశం మాత్రం 2023లో దీనికి ఎదురు దిశలో నడిచింది. మరణించిన దాతల అవయవాల కోసం పేరు నమోదు చేసుకోవడానికి ఉన్న 65 ఏళ్ల పరిమితిని కేంద్రం తీసేసింది, సొంత రాష్ట్రంలోనే నమోదు చేసుకోవాలన్న నిబంధననూ తీసేసింది. నేను దీన్ని సమర్థిస్తాను. రెండు ప్రాణాల మధ్య ఎంచుకోవాల్సిన క్షణంలో డాక్టరు వయసును చూడటం వేరు, వయసు దాటిందని పేరే రాసుకోకపోవడం వేరు. ఇంకో మాట. ‘నాకెందుకయ్యా, పిల్లల దానికి వాడుకోండి’ అని మన పెద్దవాళ్లు అన్నప్పుడు అది నిజంగా వాళ్ల ఇష్టమా, కొడుకు మీద పడే ఖర్చు చూసి వచ్చిన టెన్షనా అని ఎవరూ అడగరు. ఉచితంగా చేస్తామంటే అదే పెద్దాయన ఏమంటాడో విన్నాకే దాన్ని అభిప్రాయంగా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ పంపకం ఆసుపత్రి గేటు దాకా రాకముందే ఇంట్లో ఒకసారి జరిగిపోతుందని కూడా ఇక్కడే చెప్పాలి. దేశంలో 1995 నుంచి 2021 వరకు జరిగిన అవయవ మార్పిడుల్లో అవయవం అందుకున్న ప్రతి ఐదుగురిలో నలుగురు మగవాళ్లే. బతికుండగా కిడ్నీ ఇచ్చినవాళ్లలో మాత్రం ఆడవాళ్లదే పెద్ద వాటా, తల్లులు, భార్యలు. ఇక డయాలసిస్‌కు ఆడమనిషిని తీసుకెళ్లాలంటే వారానికి రెండు మూడు రోజులు తోడు ఎవరు వెళ్తారు, కూలి ఎవరు పోగొట్టుకుంటారు అన్న ప్రశ్న వస్తుంది. మొగుడికైతే ఆ ప్రశ్నే రాదు, ఆమె వెళ్తుంది. గేటు దగ్గర వరుస ఎంత నిక్కచ్చిగా నడిచినా, అందులోకి రాని మనిషికి అది చేసే న్యాయం ఏమీ లేదు.

‘తాగి చెడగొట్టుకున్నవాడికి ఎందుకు’ అన్న మాట గురించి. ఇది జనంలో బలంగా ఉంది, చాలా దేశాల సర్వేల్లోనూ కనపడుతుంది. అమెరికాలోని సియాటిల్‌లో 1960లలో ఇలాంటి అర్హత చూసే కమిటీ ఒకటి నిజంగానే పనిచేసింది. బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టర్ దీర్ఘకాలం డయాలసిస్ చేసే మార్గం కనిపెట్టాక మిషన్లు చాలక, ఏడుగురు సభ్యుల కమిటీ ఎవరికి ఇవ్వాలో తేల్చేది. అందులో ఒక లాయరు, ఒక పాస్టరు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక కార్మిక నాయకుడు కూడా ఉన్నారు. ఉద్యోగం, చదువు, పెళ్లి, పిల్లలు, చర్చికి వెళ్తాడా లేదా, ఇవన్నీ వాళ్లు చూశారు. 1962లో ఒక పత్రిక ఈ సంగతి బయటపెడితే దేశం ఉలిక్కిపడింది. తమలాంటి మనుషులకే ప్రాణం ఇస్తున్నారన్న విమర్శ వచ్చింది. చివరికి 1972లో కిడ్నీలు పూర్తిగా చెడిన దాదాపు అందరి ఖర్చూ ప్రభుత్వమే పెట్టుకునేలా అమెరికా చట్టం చేసింది. అంటే కమిటీని బాగుచెయ్యలేదు, మిషన్లు పెంచి కమిటీ అవసరమే లేకుండా చేసింది.

మన దగ్గర అలాంటి కమిటీ కూర్చుంటే ఎవరి తప్పు ఏదని తేలుస్తుంది? చీమకుర్తి క్వారీలో రాళ్లెత్తిన నడుముకో, పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర నిలబడ్డ కాళ్లకో ఏళ్ల తరబడి నొప్పి బిళ్లలు వేసుకున్న మనిషి తన కిడ్నీని తానే పాడుచేసుకున్నట్టా? ఆ బిళ్ల ఇచ్చిన ఆర్‌ఎంపీ తప్పా? ఆ ఊళ్లో ఆర్‌ఎంపీ తప్ప ఇంకెవరూ లేకపోవడం తప్పా? అతను సాయంత్రం ఒక క్వార్టర్ కూడా తాగుతాడు. ఆ ఒక్కటే అందరికీ కనపడుతుంది. చికిత్స పనిచేస్తుందా అన్నది డాక్టరు అడగాల్సిన ప్రశ్న, అందులో తాగుడు అడ్డమైతే చూడాల్సిందే. తగినవాడా అన్న ప్రశ్నను మాత్రం గేటు దగ్గరికి రానివ్వకూడదు.

మరి ఎవరికి అన్నది ఎలా తేల్చాలి? అమెరికాకు చెందిన తత్వవేత్త నార్మన్ డేనియల్స్, మానసిక వైద్యుడు జేమ్స్ సాబిన్ 1997లో దీనికి ఒక తోవ చెప్పారు. ఏది న్యాయం అన్న దాని మీద మనుషులు ఎప్పటికీ ఏకాభిప్రాయానికి రారు కాబట్టి, నిర్ణయం జరిగే తీరు మీదన్నా ఒప్పందానికి రావాలి అని. నియమం బహిరంగంగా ఉండాలి. కారణం రోగులకూ సబబుగా తోచాలి. కాదన్నవాళ్లు మళ్లీ అడగడానికి ఒక చోటు ఉండాలి. ఇవన్నీ జరిగేలా చూసేవాళ్లుండాలి. షెడ్డులో కూర్చున్న ఆ పెద్దావిడకు తన కొడుకు పేరు జాబితాలో ఎన్నోదో ఎవరూ చెప్పలేదు. ఆమెను కుంగదీస్తున్నది ఆలస్యం కంటే ఆ తెలియకపోవడమే అని నాకనిపించింది.

ఆరు–తొమ్మిది ప్రశ్నకు నా జవాబు నేనూ చెప్పాలి. అందరికీ గుండుగుత్తగా 2 సార్లన్నది సమానంగా కనపడే తప్పుడు నియమం. కొందరికి కిడ్నీ ఇంకా కొంత పనిచేస్తూ మూత్రం బాగానే వస్తుంటుంది, వాళ్లకు డాక్టరు చూసుకుంటూ కొంతకాలం 2 సార్లు సరిపోవచ్చు. మూత్రం పూర్తిగా ఆగిపోయిన మనిషికి 3 కావాలి. అలా మనిషిని బట్టి తేలిస్తే మిగిలే విడతలు కొత్తవాళ్లకు వెళ్తాయి. ఇప్పటికే 3 సార్లు చేయించుకుంటున్న మనిషికి తగ్గించాలంటే మాత్రం పరీక్ష చేసి, కుటుంబానికి వివరించాకే తగ్గించాలి. ఇవ్వకపోవడం కంటే ఇచ్చింది వెనక్కి తీసుకోవడం మనుషుల్ని ఎక్కువ గాయపరుస్తుంది, అందులో న్యాయం కూడా ఉంది, ఎందుకంటే ఆ మనిషి బతుకును ఆ విడతల చుట్టూనే అల్లుకున్నాడు.

ఇంకో దారి ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే డయాలసిస్. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో ఆ తర్వాత దాన్నీ చేర్చారు. పెద్ద మిషన్, ఆర్వో ప్లాంటు అక్కర్లేదు, వారానికి మూడుసార్లు బస్సెక్కక్కర్లేదు. శుభ్రంగా చేసుకోవడం నేర్పే నర్సు, ఇన్ఫెక్షన్ వస్తే వెంటనే చూసే డాక్టరు, ద్రవం సంచులు ఆగకుండా ఊరికి చేరే ఏర్పాటు ఉండాలి. పడమటి మండలాల లాంటి చోట, దూరం వల్ల వెనకపడేవాళ్లకు, ముఖ్యంగా తోడు దొరకని ఆడవాళ్లకు, దీన్ని ముందు చూపించాలి.

అప్పటిదాకా ప్రతి సెంటర్ గోడ మీద ఒక బోర్డు ఉండాలి. ఎన్ని మిషన్లున్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, ఎంతమందికి చేస్తున్నారు, ఎంతమంది ఎదురుచూస్తున్నారు, వారానికి ఎన్నిసార్లన్నది దేన్ని బట్టి తేలుస్తున్నారు, స్లాట్ ఖాళీ అయితే తర్వాతి మనిషిని ఎలా ఎంచుకుంటారు. రోగుల పేర్లు అక్కర్లేదు, నమోదు నంబర్లు చాలు. అభ్యంతరం ఉంటే ఎవరికి చెప్పుకోవాలో ఒక ఫోన్ నంబరు, ఎన్నిరోజుల్లో జవాబిస్తారో ఒక గడువు. ఆ అభ్యంతరాన్ని ఆ సెంటర్‌తో సంబంధం లేని డాక్టరు ఒకరు వినాలి. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో ఒక తీర్మానంతో మొదలుపెట్టొచ్చు. వచ్చే సమావేశంలో దీన్ని అజెండాలో పెట్టమని అడగాల్సింది రోగుల కుటుంబాలొక్కటే కాదు, ఇప్పటికి ఆ గేటు దాకా వెళ్లాల్సిన అవసరం రాని మనం కూడా.